రెండో వైరు

"కరెంటు పాఠం చెప్పకే పెర్సీ. గాలి గురించో, వెలుతురు గురించో చెప్పు. పిల్లలు ఇళ్ళకు పోయి ప్లగ్గుల్లో పుల్లలు దోపుతారు. ఒకళ్ళకేమన్నా అయితే ఏం చేస్తాం?"

శనివారం పొద్దున మా అమ్మాయి పెర్సిస్ జడ వేసుకుంటుంటే నేనన్న మాట ఇది. అప్పటికింకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద ఉప్మా ఉడుకుతోంది. వీధిలో తోటకూర బండి వెళుతోంది.

"గాలి పాఠం చెబితే జలుబు చేస్తుందంటావు. వెలుతురు పాఠం చెబితే కళ్ళు పోతాయంటావు. ఇంక నేను ఏ పాఠం చెప్పనమ్మా?" అంది అద్దంలోంచే నన్ను చూస్తూ.

మా ఆయన పేపరు వెనక నుంచి అందుకున్నారు. "పవర్‌పేటలో కాపురముండి కరెంటుకు భయపడే మనిషి ఏలూరు మొత్తానికీ మీ అమ్మొక్కతేనమ్మా. ఊరి పేరు మార్పించమని మున్సిపాలిటీకి అర్జీ పెడదామా సువార్తమ్మగారూ?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నేను చదివింది మిషను స్కూల్లో ఎనిమిదో తరగతి. నాకు తెలియనివి ఎక్కువ, అందుకే భయాలూ ఎక్కువని మా ఆయన అంటుంటారు. రైలు ఆలస్యమైతే పట్టాలు తప్పిందనుకుంటాను. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటాను. ఆయన తివాచీల షెడ్డు నుంచి వచ్చేసరికి చీకటి పడిందంటే గుమ్మంలోనే నిలబడి ఉంటాను. ఇన్నేళ్ళూ నా భయాలన్నీ ఉత్తివే అయ్యాయి. అవి ఉత్తివి అవుతుంటేనే నాకు ధైర్యం. అందుకే ఏదైనా సరే పైకి అనేస్తాను. పైకి అన్నది జరగదని నాకొక నమ్మకం.

పెర్సిస్ విశాఖపట్నంలో ఎలక్ట్రానిక్స్ ఎమ్మెస్సీ చేసింది. కాలేజీల్లో ఖాళీలు లేవు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూలుంది, హాస్టలు కూడా ఉంది. దాని కరస్పాండెంటు రాజరత్నంగారు మా సంఘంలో ఎవరి ద్వారానో విని కబురు పంపారు. వారానికి మూడు రోజులు, పార్ట్ టైము. పదో తరగతికి ఫిజిక్సు, హాస్టలు పిల్లలకు ఎలక్ట్రానిక్సు. గేటు మీద 'ఎలక్ట్రానిక్స్ కూడా నేర్పబడును' అని ఎర్ర రంగుతో రాయించారాయన. ఆ రాత కోసమే తనను తీసుకున్నారని పెర్సిస్ అనేది. పార్ట్ టైము వాళ్ళకు స్టాఫ్ రూములో కుర్చీ ఉండదు. ల్యాబులో బల్ల మీదే కూర్చుని అన్నం తినేది. బెల్లుకు వెళ్ళడం, బెల్లుకు రావడం. బెల్లు కొట్టగానే సంచి భుజాన వేసుకుని స్టేషనుకు పరుగు. ఆ ప్యాసింజరు తప్పితే మళ్ళీ చీకటి పడేదాకా బండి లేదు.

అయినా ఆ పని దానికి ప్రాణం. అన్నం దగ్గర కూర్చుంటే అవే కబుర్లు. ఏ పిల్ల టంకం వేస్తూ పావడా కాల్చుకుంది, ఏ పిల్లవాడు చిన్న ఎర్ర దీపం వెలిగితే చప్పట్లు కొట్టి బల్ల మీద నుంచి పడ్డాడు. అందరికంటే ఎక్కువగా భావన అనే పిల్ల గురించి చెప్పేది. నిడమర్రు దాటాక కొల్లేటి వైపు చేపల చెరువుల ఊరు వాళ్ళది. తండ్రి చలపతిరావు చెరువులు కౌలుకు చేస్తాడు. కూతుర్ని ఇంజనీరును చెయ్యాలని హాస్టల్లో పెట్టాడు.

"దానికొక రోగముందమ్మా. క్లాసులో ఒక్క డౌటూ అడగదు. బెల్లు కొట్టాక, నేను సంచి తగిలించుకున్నాక, అప్పుడొచ్చి అడుగుతుంది" అనేది పెర్సిస్ మురిపెంగా.

ఆ శనివారం కరెంటు పాఠమే చెప్పింది. చెప్పకపోతే ఎలా, పరీక్షలకు వచ్చే పాఠం.

మంగళవారం నాడు వేళకే ఇంటికి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. చాప మీద కూర్చుంది. టీ ఇస్తే తీసుకుని పక్కన పెట్టింది.

"భావన వాళ్ళ నాన్న పోయారమ్మా."

"అయ్యో తండ్రీ! ఎలాగే?"

"షాక్ కొట్టి. నిన్న పొద్దున. చెరువు మోటారు దగ్గర."

నా నోటి దాకా ఏదో వచ్చింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి వద్దని తల ఊపారు. నేను టీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, దాన్ని పారబోయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను. నేను శనివారం పొద్దున అన్న మాట ఆ గోడల మధ్యే ఎక్కడో తిరుగుతున్నట్టు అనిపించింది.

గురువారం స్కూలుకు వెళ్ళలేదు. శనివారమూ వెళ్ళలేదు. అన్నం పెడితే కలిపి వదిలేసేది. ఆదివారం ఆరాధనకు రమ్మంటే గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమయిందే అంటే పలకదు. ఒంట్లో బాగాలేదా అంటే పలకదు. నా బుర్ర ఊరుకుంటుందా? ఫినాయిల్ సీసా తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టి వచ్చాను. స్నానాల గది లోపలి గడియను మా ఆయన చేత ఊడదీయించాను. అది స్నానానికి వెళితే బయట బకెట్టు తోముతున్నట్టు కూర్చుని, "నీళ్ళు చాలా? సబ్బుందా?" అని అడుగుతూ ఉండేదాన్ని. లోపల చెంబు చప్పుడు ఆగితే నా గుండె ఆగేది.

"ఒక పిల్ల తండ్రి పోతే టీచరుకు ఇంత దిగులేంటి?" అన్నాను మా ఆయనతో.

"దిగులు కాదది" అన్నారాయన. జోకులు మానేశారు. ఆయన జోకులు మానేస్తే ఇల్లు ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

సోమవారం మధ్యాహ్నం రాజరత్నంగారు ఫోను చేశారు. ఇంట్లో ఉన్నది ఒకటే సెల్లు, మా ఆయన దాన్ని మరిచిపోయి షెడ్డుకు వెళ్ళారు. నేనే ఎత్తాను.

"ఏవమ్మా, అమ్మాయిగారికి ఒంట్లో నలతగా ఉందాండీ? పర్వాలేదండీ, తొందరేం లేదు. ఎలక్ట్రానిక్సు ప్రస్తుతానికి ఆపేస్తున్నామండీ. పేరెంట్స్ కొంచెం కంగారు పడుతున్నారు, కరెంటు సామాన్లు అవీ అని. ఫిజిక్సు మా పాత సారే చూసుకుంటారు. ఎలాగూ పార్ట్ టైమే కదండీ, ఆవిడకు పెద్ద ఇబ్బంది ఉండదు."

"అది కాదండీ, ఆ పిల్ల తండ్రి..."

"అదా అండీ. పాపం. లైన్‌మాన్ వచ్చి చూశాడంటండీ. మోటారు బాడీకి ఎర్తు కట్టుకున్నాడంట, ఆయనకాయనే. చదువు లేనివాళ్ళు, చెబితే వినరు. ఏం చేస్తామండీ. ప్రార్థన చేయించాం స్కూల్లో."

ఫోను పెట్టేశాక నాకు కొంచెం ఊపిరి ఆడింది. పెర్సిస్ పక్కన కూర్చుని వీపు నిమిరాను. "చూశావా, ఆయన చేతులారా చేసుకున్నదేనంట. మోటారుకు ఆయనే ఎర్తు కట్టుకున్నాడంట. చదువు లేనివాళ్ళంట. మధ్యలో నీకేంటమ్మా?"

అది లేచి కూర్చుంది. వారం రోజుల తరువాత నా ముఖంలోకి చూసింది.

"ఆయన కట్టలేదమ్మా. భావన కట్టింది. నేను కట్టమన్నాను."

ఆ తరువాత చెప్పింది, గుక్క తిప్పుకోకుండా, నాకు అర్థమయ్యేలా వేళ్ళు చూపిస్తూ. కరెంటు ఒక వైరులో వస్తుంది. రెండో వైరులో తిరిగి పోతుంది. మూడోది కాపాడే వైరు. ఊరికే ఇనప సామాను ఒంటికి తగిలించి భూమిలోకి పంపుతారు, మామూలుగా దాంట్లో ఏమీ పారదు. పుస్తకంలో ఎర్త్ అంటే ఆ మూడోది. "ఇంట్లో ఇనప సామాను ఏదున్నా దాని బాడీకి ఎర్త్ కలపాలి, కలపకపోతే ప్రమాదం" అని శనివారం బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. బెల్లు కొట్టింది. సంచి తగిలించుకుంది. భావన వచ్చింది.

"'టీచర్, మా మోటారు ముట్టుకుంటే జిల్లుమంటదండీ. మాకు ఎర్తు వైరు ఉందండీ, కానీ బాడీకి కట్టలేదండీ. కట్టాలాండీ?' అని అడిగిందమ్మా. 'తప్పకుండా కట్టాలి, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ముందు ఆ పని చూడు' అన్నాను. ఆ సాయంత్రమే దానికి హాస్టలు నుంచి ఇంటికెళ్ళే సెలవు. రైలుకు టైమైంది. మెట్లు దిగుతూ చెప్పాను."

"సరిగానే చెప్పావు కదే?"

"చెరువుల మీద మోటార్లకు రెండే వైర్లుంటాయమ్మా. మూడోది ఉండదు. వాళ్ళు ఎర్తు అనేది రెండోదాన్ని. తిరిగిపోయే వైరుని. మేం న్యూట్రల్ అంటాం దాన్ని. దాన్ని బాడీకి కట్టాక స్తంభం దగ్గర ఊడిపోతే, కరెంటు తిరిగి పోవడానికి దారి లేక మోటారు ఒంట్లోకే వస్తుంది. అలాగే ఊడిపోయిందని మంగళవారం స్కూల్లో చెప్పుకున్నారు. మోటారు ఆగిపోయింది. ఎందుకాగిందా అని ఆయన నీళ్ళలో దిగి చెయ్యి వేశారు."

మా ఇంట్లో కరెంటు పని చేసే అతను కూడా ఫేజు, ఎర్తు అనే అంటాడు. నేనూ అంతే అంటాను. మా వీధిలో అందరూ అంతే. న్యూట్రల్ అనే మాట బండి గేరుకు తప్ప నేనెప్పుడూ వినలేదు. నా కూతురు ఈ ఇంట్లోనే పుట్టి పెరిగి, ఇంగ్లీషు మీడియంలో చదివి, ఆ మాట మర్చిపోయింది. లేక మేం ఏ వైరును ఏమంటామో ఎప్పుడూ పట్టించుకోలేదో.

"ఊళ్ళో ఆయనే కట్టుకున్నాడనుకుంటున్నారు" అంది. "భావనకు తెలుసు తనే కట్టానని. నాకు తెలుసు. పదిహేనేళ్ళ పిల్లమ్మా అది. నాన్నని నేనే చంపుకున్నాననుకుంటూ ఉంటుంది. నేను వెళ్ళాలి. తప్పు నాదని దానికి చెప్పాలి."

"వద్దు" అన్నాను వెంటనే. "ఆ ఊళ్ళో మనకెవరున్నారే? తండ్రి పోయిన ఇల్లు. బాబాయిలుంటారు, మేనమామలుంటారు. చెయ్యి చేసుకుంటే? పోలీసు కేసు పెడితే? చెరువులో తోసేస్తే అడిగేవాళ్ళెవరు? నువ్వు చెప్పినంత మాత్రాన ఆయన లేచొస్తాడా?"

అది మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఆ తిరగడం చూసి నాకు ఇంకో భయం వేసింది. ఇదివరకటి భయాలన్నిటికంటే పెద్దది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు చొక్కా విప్పకుండా అలాగే కూర్చున్నారు. "వెళ్ళనివ్వు. నువ్వు తోడు వెళ్ళు. ఆడమనిషి ఏడుస్తున్న ఇంటికి ఆడవాళ్ళు వెళ్ళడమే మంచిది. ఇక్కడ పడుకుంటే మాత్రం ఇది మనకు దక్కదు" అన్నారు.

ఆ ఆఖరి మాటకు నేను బయలుదేరాను.

హిందువుల ఇంటికి పరామర్శకు మంగళ, శుక్రవారాలు వెళ్ళకూడదని పక్కింటి ఆవిడ చెప్పింది. వచ్చేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదని కూడా చెప్పింది. పెద్దకర్మ అయ్యాక, బుధవారం చూసి వెళ్ళాం. తాడేపల్లిగూడెంలో బండి దిగి, నిడమర్రు మీదుగా పోయే బస్సెక్కాం. ఊళ్ళు పలచబడేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా చెరువులే. గట్ల మీద తవుడు బస్తాలు, కర్రలకు వేలాడే వైర్లు. ఒక్కొక్క వైరు చెయ్యెత్తితే అందేంత కిందికి ఉంది. నేను కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నాను. లెక్కలేనన్ని మోటార్లు. ప్రతి దాని పక్కనా ఎవరో ఒకరు పంచె ఎగ్గట్టి నీళ్ళలో నిలబడి ఉన్నారు.

అప్పుడు నాకొకటి తట్టింది. నాకు తట్టేవన్నీ చెడ్డవే.

"పెర్సీ, వాళ్ళమ్మ ముందు ఏమని చెబుతావే?"

"ఉన్నది చెబుతాను. నేను కట్టమన్నాను, తప్పు నాది అని."

"నువ్వు కట్టమన్నావు సరే. కట్టిందెవరని అడుగుతారు గదా?"

అది నా వైపు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"నువ్వు నోరు తెరిస్తే ఆ పిల్ల పేరు బయటికొస్తుంది. మొగుణ్ణి చంపిన వైరు కట్టింది కూతురే అని వాళ్ళమ్మకు నీ నోటితో చెబుతావా? ఆ ఇంట్లో ఆ తల్లీ కూతురూ ఎలా బతుకుతారే ఇక?"

పెర్సిస్ ముందు సీటు కమ్మీ మీద తల ఆనించింది. దిగాల్సిన ఊరు వచ్చేదాకా ఎత్తలేదు. దిగకుండా వెనక్కి పోదామా అని అడగాలనుకున్నాను. అది అప్పటికే మెట్టు దిగింది.

ఇల్లు చెరువు పక్కనే ఉంది, సిమెంటు రేకుల ఇల్లు. గోడకు ఫోటో, దానికి బంతిపూల దండ. నవ్వు ముఖం మనిషి. మూలన చాప మీద భావన వాళ్ళమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు, లేవకూడదేమో. మా అమ్మాయి పేరు చెప్పగానే ఆవిడ ముఖం కదిలింది.

"పెర్సిస్ టీచరుగారా అండీ? అంత దూరం నుంచి వచ్చారా తల్లీ? ఇంటికొస్తే చాలు మీ కబుర్లేనండీ ఇది. మా టీచరు ఇలాగన్నారు, మా టీచరు అలాగన్నారు అని. ఆయన ఆటపట్టించేవారండీ, 'ఆ టీచరమ్మనే అమ్మా అని పిలువు, మీ అమ్మను మానెయ్యి' అని." నవ్వబోయి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెర్సిస్ ఆవిడ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

భావన లోపలి గుమ్మం దగ్గర ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. స్కూలు యూనిఫారం మీది చున్నీ వేసుకుంది, ఎందుకో. టీచరును చూసింది, చూపు దించుకుంది.

"దీనికి మాట పడిపోయిందండీ" అంది వాళ్ళమ్మ. "ఆ పొద్దుట్నుంచి ఒక్క ముక్క లేదు. ఏడుపు కూడా గొంతులోంచి రాదండీ, కళ్ళలోంచే. భూతవైద్యం అంటాడొకడు, కాకినాడ డాక్టరు అంటాడొకడు. ఆయన పోయారు, దీని నోరూ తీసుకుపోయారు."

అంతలో ఒక మనిషి తవుడు బస్తా దింపి లోపలికి వచ్చాడు. ఆవిడ తమ్ముడు, వెంకటకృష్ణ. భుజాలు రెండూ తవుడుతో తెల్లగా ఉన్నాయి. టీచరుగారని చెబితే చేతులు తుడుచుకుని దణ్ణం పెట్టాడు.

"మీరు చదువుకున్నారు గదండీ, మీరు చెప్పండి. మా బావ ఇరవయ్యేళ్ళు చెరువుల మీద బతికాడండీ. ఎప్పుడూ మోటారు బాడీ జోలికి పోలేదు. ఎర్తు తెచ్చి దానికి కట్టే మనిషి కాదండీ. ఎవడో చెప్పి ఉంటాడు. లేకపోతే కట్టడు. ఆ చెప్పినోడెవడో నాకు తెలియాలండీ. తెలిసిన రోజున ఇదే చెరువులో తొక్కుతాను. తర్వాత జైల్లో ఏసుకోనీండి, పర్లేదు."

నేను పెర్సిస్ చెయ్యి పట్టుకున్నాను. ఆ మనిషి అరవలేదు. మామూలుగా, మర్యాదగా అన్నాడు, అండీ అండీ అంటూ. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. భావన గుమ్మం చెక్కను గోటితో గీస్తోంది. మేనమామ ముఖం వైపే చూస్తోంది.

"పోనీలేరా, వచ్చినవాళ్ళ దగ్గరా ఆ మాటలు" అంది వాళ్ళక్క. అతను తల ఊపి బయటికి వెళ్ళాడు. బండి చప్పుడు దూరమైంది.

ఆ చప్పుడు పోయాక ఆవిడే అంది. "అమ్మా టీచరుగారూ, దాన్ని కాస్త గట్టు మీదకు తీసుకెళ్ళండమ్మా. పదిహేను రోజులై ఆ గుమ్మం వదల్లేదు. నేను గడప దాటకూడదు. మీ మాటంటే వింటది."

పెర్సిస్ లేచి చెయ్యి చాపింది. భావన ఆ చెయ్యి పట్టుకోలేదు, కానీ వెనకే వచ్చింది. నేను వాళ్ళ వెనక నడిచాను. గట్టు తడిగా ఉంది. ప్రతి అడుగుకూ జారి నీళ్ళలో పడతారని నా ప్రాణం పోతోంది. గట్టు మొదట్లోనే మోటారు ఉంది. దాని మీద గోనెసంచి కప్పి, సంచి ఎగిరిపోకుండా రాయి పెట్టారు. వైర్లు కోసేసి చుట్ట చుట్టి స్తంభానికి తగిలించారు. ముగ్గురం అక్కడే ఆగిపోయాం.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అవతలి గట్టు మీద రెండు గూడబాతులు తప్ప.

"భావనా" అంది పెర్సిస్. "నువ్వు కట్టింది ఎర్త్ కాదమ్మా. నేను చెప్పింది వేరే వైరు. మీరు దేన్ని ఎర్తు అంటారో నేను అడగాలి. 'ఏదీ, బొమ్మ వేసి చూపించు' అనాలి. అనలేదు. రైలు పోతుందని మెట్లు దిగుతూ ఔనన్నాను. నువ్వు టీచరు చెప్పింది చేశావు. అంతే చేశావు. తప్పు నాది. విన్నావా? నీది కాదు. నీ జన్మలో ఎప్పుడూ నీదని అనుకోకూడదు."

ఆ పిల్ల కదల్లేదు. మోటారు వైపు చూస్తోంది.

"ఒక్క మాట అనమ్మా. తిట్టు. పోనీ కొట్టు నన్ను."

చెరువులో చేప ఎగిరి పడింది. గాలికి గోనెసంచి అంచు లేచి మళ్ళీ వాలింది. పెర్సిస్ తడి గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. చీర అంతా బురద. నేను లేపబోలేదు. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. అవతల ఎవరిదో మోటారు ఆగింది, మళ్ళీ మొదలైంది. ఇక ఈ పిల్ల ఈ జన్మలో మాట్లాడదు, నా బిడ్డ కూడా ఈ గట్టు మీది నుంచి లేవదు అనుకున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు గుర్తుకు రాలేదు. చీకటి పడేలోగా బస్సు అందుకోవాలి అని కూడా అనుకున్నాను, అలాంటి సమయంలో కూడా. నా బుద్ధి అంతే.

భావన పెదవులు కదిలాయి. ముందు శబ్దం రాలేదు. చాలా రోజులు వాడని గొంతు. ఇంటి వైపు ఒకసారి చూసి, వంగి, పెర్సిస్ చెవి దగ్గరగా అంది.

"నాకు మాట వచ్చండీ టీచర్."

పెర్సిస్ తలెత్తింది.

"మాట్లాడితే మావయ్య ఎవరు చెప్పారని అడుగుతాడండీ. అబద్ధం చెప్పడం రాదండీ నాకు."